నడినెత్తి మాట: ఇంగ్లీషు ‘జెనిత్’ వెనుక మన ‘సమ్త్’

పాతబస్తీలో మేము నమాజు చేసే ఒక చిన్న మసీదులో ఆ మధ్య పెద్ద తగాదా వచ్చింది. అరిగిపోయిన పాత బండలు తీసివేసి కొత్తవి పరిచే పని మొదలైంది. బండలతో పాటు సఫ్‌ల గీతలు కూడా కొత్తగా వేయాలి. ఒక యువకుడు ఫోను తీసి, అందులోని ఖిబ్లా ముల్లు చూసి, “మన మిహ్రాబే తప్పు. ఇన్నేళ్లుగా మనం కాబా వైపు తిరగనే లేదు” అన్నాడు. పక్కనున్న ఇంకొకాయన తన ఫోను తీశాడు. అది మిహ్రాబ్‌ను గానీ, మొదటి ఫోనును గానీ సమర్థించకుండా మూడో వైపు చూపింది. “అయితే మా అబ్బా, దాదా చేసిన నమాజులన్నీ వృథాయేనా?” అని ఒక పెద్దాయన గొంతు పెంచారు. ఆయన మాటలో కోపం కన్నా బాధ ఎక్కువగా ఉంది. తర్వాత మూడు జుమాలు ఆయన వేరే మసీదుకు వెళ్లారు. బండల పని ఆగిపోయింది.

అదే వారంలో, సాయంత్రం మా దగ్గర ఖుర్ఆన్ చదువుకోవడానికి వచ్చే ఒక పిల్లవాడు సైన్సు పుస్తకం పట్టుకొని వచ్చాడు. ఆ కుటుంబం నల్గొండ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది. ఇంట్లో తెలుగు, వీధిలో ఉర్దూ, బడిలో ఇంగ్లీషు. “మౌల్‌సాబ్, జెనిత్ అంటే ఏమిటి? అది లాటిన్ మాటంట కదా?” అని అడిగాడు.

“లాటిన్ మాట కాదు బేటా, నువ్వు రోజూ అనే మాటే” అన్నాము. వాడు నమ్మలేదు. వాడికి చెప్పిన సంగతులే, మరికొంత వివరంగా, ఈ వారం పాఠకుల ముందు ఉంచుతున్నాము. మసీదు తగాదాకు కూడా జవాబు ఈ మాటలోనే దొరికింది కనుక, దాన్ని చివర చెబుతాము.

తల వైపు

అరబీలో ‘సమ్త్’ అంటే దారి, దిశ, వైపు. ఉర్దూలో ‘సిమ్త్’ అని కూడా పలుకుతారు. “మసీదు ఏ సిమ్త్‌లో ఉంది?” అని అడగడం మన ఇళ్లలో మామూలే. ‘రాస్’ అంటే తల. ఈ రెండూ కలిస్తే ‘సమ్తుర్రాస్’, అనగా తల వైపు. మనిషి నిటారుగా నిలబడితే, అతని తలకు తిన్నగా పైన ఆకాశంలో ఉండే బిందువుకు ఖగోళ పండితులు పెట్టిన పేరు ఇది.

తెలుగువారికి ఈ భావం కొత్తది కాదు. “పొద్దు నడినెత్తికి వచ్చింది, ఇంక భోజనానికి లేవండి” అని పొలంలో కూలీలు అనుకుంటారు. అరబ్బులు తల అన్నారు, తెలుగువారు నెత్తి అన్నారు. పాఠ్యపుస్తకాలలో శిరోబిందువు అని రాస్తారు గానీ, మాకు నడినెత్తి అన్నదే ఇష్టం.

అయితే ఒక సంగతి గమనించాలి. మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వచ్చాడని రోజూ అంటాము గానీ, నిజానికి ఆ సమయంలో అతడు ఆ రోజుకు తన ఎత్తైన చోట మాత్రమే ఉంటాడు. సరిగ్గా తల మీదికి వచ్చేది హైదరాబాదులో సంవత్సరానికి రెండే రోజులు, మే 9, ఆగస్టు 3 ప్రాంతాలలో. మేలో 12 గంటల 12 నిమిషాల సమయంలో, ఆగస్టులో 12 గంటల 23 నిమిషాల సమయంలో, నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. ఫిఖహ్ చదివినవారికి ‘సాయా-ఎ-అస్లీ’ అన్న మాట తెలిసే ఉంటుంది. మట్టమధ్యాహ్నం ప్రతి వస్తువుకూ మిగిలే అసలు నీడ అది. అస్ర్ వేళను లెక్కించేటప్పుడు దాన్ని తీసివేసి కొలుస్తారు. ఈ రెండు రోజుల్లో మాత్రం మన ఊళ్లో తీసివేయడానికి ఏమీ ఉండదు.

మూడు గీతల పొరపాటు

ఇక ‘సమ్త్’ కాస్తా ‘జెనిత్’ ఎలా అయింది? ఇందులో ఒక ముచ్చటైన పొరపాటు ఉంది.

క్రీస్తు శకం 12వ శతాబ్దంలో యూరపు పండితులు అరబీ గ్రంథాలను లాటిన్‌లోకి అనువదించడానికి స్పెయిన్‌కు తరలివచ్చారు. టొలీడో నగరం ఈ పనికి కేంద్రం. ఇటలీ నుంచి వచ్చిన జెరార్డ్ అనే పండితుడు 1187లో చనిపోయే వరకు అక్కడే ఉండి, డజన్ల కొద్దీ గ్రంథాలు అనువదించాడు. ఈ అనువాదకులకు ఖగోళ శాస్త్రంలోని చాలా మాటలకు తమ భాషలో సమానమైన మాటలు దొరకలేదు. అందుచేత అరబీ మాటనే లాటిన్ అక్షరాలలో రాసుకున్నారు. సమ్తుర్రాస్‌లో రెండో భాగం రాలిపోయి, సమ్త్ ఒక్కటే మిగిలింది.

అప్పటికి అచ్చుయంత్రం లేదు. పుస్తకాలన్నీ చేతిరాతే. ఆ కాలపు లాటిన్ చేతిరాతలో ‘మ’ అక్షరాన్ని మూడు చిన్న నిలువు గీతలతో రాసేవారు. ‘న’ అక్షరానికి రెండు గీతలు, ‘ఇ’ అక్షరానికి ఒక గీత. ‘ఇ’ పైన ఇప్పుడు పెట్టే చుక్క అప్పుడు పెట్టేవారు కారు. కనుక ‘మ’ రాసినా మూడు గీతలే, ‘ని’ రాసినా మూడు గీతలే. అరబీ తెలియని లేఖకుడు ‘సెమ్త్’ అని ఉన్నదాన్ని చూసి ‘సెనిత్’ అని చదివాడు. అలాగే నకలు రాశాడు. దాన్ని చూసి మరొకరు, ఆయనను చూసి ఇంకొకరు. లాటిన్ నుంచి ఫ్రెంచికి, అక్కడి నుంచి ఇంగ్లీషుకు ఆ తప్పే ప్రయాణించింది. ఎవరూ దిద్దలేదు, దిద్దవలసిన అవసరం ఉందని ఎవరికీ తెలియలేదు కూడా.

లేఖకుడిని చూసి నవ్వడానికి లేదు. ఉర్దూ రాసే మన చేతులు మాత్రం ఎన్నిసార్లు తడబడలేదు? పైన ఉండవలసిన ఒక్క నుఖ్తా కిందికి జారితే ‘ఖుదా’ ‘జుదా’ అవుతుందని మన ఉస్తాదులు చిన్నప్పుడే హెచ్చరించేవారు.

నుఖ్తా చేసిన పని ఆకాశంలోనూ ఉంది. చలికాలపు రాత్రులలో తూర్పున లేచే గొల్లకావడి మన ఊళ్లలో అందరికీ తెలుసు. ఆ మూడు చుక్కలున్న తారల గుంపును అరబ్బులు ‘జౌజా’ అన్నారు. దాని ఒక భుజాన ఎర్రగా మెరిసే ఆరుద్ర నక్షత్రం పేరు ‘యదుల్ జౌజా’, అనగా జౌజా చేయి. అరబీలో మాట మొదట వచ్చే ‘య’ కింద రెండు నుఖ్తాలు, ‘బ’ కింద ఒకటి. ఎవరి చేతిలోనో ఒక నుఖ్తా తగ్గింది. ‘యద్’ ‘బద్’ అయింది. ఇంగ్లీషువారు ఇవాళ ఆ నక్షత్రాన్ని బెటెల్‌గ్యూస్ అంటున్నారు. ఆ గుంపులోనే ఇంకొక పక్క తెల్లగా వెలిగే రైజెల్ మాత్రం ‘రిజ్ల్’, పాదం. దానికి ఏ ప్రమాదమూ జరగలేదు.

ఒక్క ఇంటి ముగ్గురు

సమ్త్‌కు బహువచనం ‘సుమూత్’. దానికి ముందు ‘అల్’ చేరితే అల్‌సుమూత్ అని రాస్తాము గానీ, చదివేటప్పుడు అస్సుమూత్ అంటాము. ‘సీన్’ షమ్సీ అక్షరం కనుక దాని ముందు లామ్ పలకదు. ఖాయిదా చదివే పిల్లలకు కూడా తెలిసిన నియమమే. ఈ అస్సుమూత్ యూరపుకు వెళ్లి ‘అజిముత్’ అయింది. ఒక వస్తువు క్షితిజం మీద ఉత్తరం నుంచి ఎన్ని డిగ్రీల దూరంలో ఉందో చెప్పే కొలత అజిముత్. సర్వేవారు, ఓడవారు, విమానాలవారు ఈ మాట లేకుండా పని చేయలేరు. అంటే ఏకవచనం జెనిత్, బహువచనం అజిముత్. ఇంగ్లీషు నిఘంటువులో ఒకటి మొదటి పుటలలో, రెండవది చివరి పుటలలో విడివిడిగా కూర్చున్నాయి.

మూడవది ‘నేడిర్’. నడినెత్తికి సరిగ్గా ఎదురుగా, మన కాళ్ల కింద భూమికి ఆవలి వైపున ఉండే బిందువు. అరబీలో ‘నజీరుస్సమ్త్’, అనగా సమ్త్‌కు జోడీ. నజీర్ అంటే సాటి, జోడు. ‘బేనజీర్’ అంటే సాటి లేనిదని అర్థం కదా, ఆ నజీరే ఇది. కొందరు దీన్ని ‘నాదిర్’ అన్న పేరుతో కలిపి చెబుతుంటారు. అది పొరపాటు. నాదిర్ అంటే అరుదైనవాడు, అందులో ఉన్నది దాల్. ఇక్కడ ఉన్నది జోయ్. ఈ తేడాను ఇంగ్లీషు అక్షరాలు దాచివేశాయి.

ఈ మాటలు ఇంగ్లీషులోకి వచ్చిన దారిలో మమ్మల్ని ఎక్కువగా ఆకట్టుకున్నది ఒక తండ్రి కథ. ఇంగ్లీషు కవి జాఫ్రీ చాసర్ 1391లో ఉస్తుర్లాబ్ గురించి ఒక పుస్తకం రాశాడు. ఉస్తుర్లాబ్ అంటే నక్షత్రాల ఎత్తును కొలిచి వేళనూ దిక్కునూ తెలుసుకునే ఇత్తడి పళ్లెం వంటి సాధనం. ఆ పుస్తకం లూయిస్ అనే పదేళ్ల పిల్లవాడి కోసం రాసినది. పిల్లవాడికి లాటిన్ ఇంకా సరిగా రాదు కనుక, తెలిసిన భాషలోనే రాస్తున్నానని తండ్రి ముందే చెప్పుకున్నాడు. బాగ్దాదు యూదు పండితుడు మాషాఅల్లాహ్ పేరు మీద చలామణీ అయిన గ్రంథం దానికి ఆధారం. జెనిత్, అజిముత్, నేడిర్ మూడూ ఆ పుస్తకంలో కనిపిస్తాయి. ఆ రోజుల్లో చదువుల భాష లాటిన్, ఇంగ్లీషు కేవలం ఇంటి భాష. మన పిల్లలకు ఇవాళ ఇంగ్లీషు ఎలా ఉందో, ఆ పిల్లవాడికి అప్పుడు లాటిన్ అలా ఉంది. దీనీ సంగతులైనా, దునియా సంగతులైనా తెలుగులో చెబితే చులకన అవుతాయని అనుకునే మన పెద్దలు కొందరు ఈ కథ వినాలి.

గొప్పలకు హద్దు

ఇటువంటి సంగతులు చెప్పేటప్పుడు మనవారిలో ఒక బలహీనత ఉంది. ప్రతి ఇంగ్లీషు మాటా మనదేనంటారు. అది సరి కాదు. ఆకాశ విద్యకు ఇంగ్లీషులో ఉన్న అసలు పేరు ఆస్ట్రానమీ. అది గ్రీకు మాట. నక్షత్రం, నియమం అనే రెండు గ్రీకు మాటల కలయిక. దాన్ని అరబీలో ఇల్ముల్ హయ్అత్ అనీ, ఇల్ముల్ ఫలక్ అనీ అన్నారు. మా రోజుల్లో మదరసాలో ‘తష్రీహుల్ అఫ్లాక్’, ‘షర్హె చగ్మీనీ’ అనే రెండు పుస్తకాలు ఈ విద్యలో చెప్పేవారు. జాతకాలు చెప్పే ఇల్మె నుజూమ్ వేరు, ఈ విద్య వేరు అని మొదటి పాఠంలోనే మాకు నూరిపోశారు. పంచాంగాన్ని చెప్పే ‘ఆల్మనాక్’ అన్న మాట కూడా చూడడానికి అచ్చం అరబీలాగే ఉంటుంది, మొదట ‘అల్’ ఉంది కదా. కానీ పాత అరబీ గ్రంథాలలో ఆ అర్థంతో అటువంటి మాట కనిపించదు. నేటి అరబీలో ‘మనాఖ్’ అంటే వాతావరణం. కనుక దాన్ని మన ఖాతాలో గట్టిగా వేసుకోవడానికి మాకు ధైర్యం చాలదు.

అప్పుల సంగతి కూడా చెప్పుకోవాలి. బాగ్దాదులో ఖలీఫా మన్సూర్ కాలంలో, 770 ప్రాంతంలో, మన హిందుస్తాన్ నుంచి ఒక పండితుడు సిద్ధాంత గ్రంథం తీసుకొని వెళ్లాడు. దాన్ని ఫజారీ వంటి వారు అరబీలోకి తెచ్చుకున్నారు. ‘సింద్‌హింద్’ అన్నది ‘సిద్ధాంత’కు అరబ్బులు చేసుకున్న పలుకుబడి. గ్రీకువారి టాలెమీ గ్రంథం ‘అల్‌మజిస్తీ’గా మారింది అంతకు కొద్ది కాలం తర్వాతే.

గణితంలో ‘సైన్’ చదివే పిల్లలకు ఇంకొక తమాషా. సంస్కృతంలో అది ‘జ్యా’, ‘జీవా’. వింటి నారి అని అర్థం. అరబ్బులు దాన్ని ‘జీబ’ అని పలికారు, రాసేటప్పుడు అచ్చులు వదిలేసి జీమ్, బే అక్షరాలతో రాశారు. తర్వాతివారు దాన్ని తమకు తెలిసిన ‘జైబ్’ అని చదువుకున్నారు. జైబ్ అంటే అంగీ గుండెల దగ్గర మడత. లాటిన్‌వారు మడతకు తమ భాషలో ఉన్న ‘సైనస్’ అన్న మాట పెట్టారు. అదే సైన్. ఆ జైబే ఫారసీ, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చి జేబు అయింది. మన గణితాన్ని మన జేబులోనే పెట్టి ప్రపంచమంతా తిప్పారన్నమాట! ఇక్కడ కూడా చదవడంలో పొరపాటే జరిగింది. మన విద్యలు ఎన్ని పొరపాట్ల మీద నిలబడ్డాయో తలుచుకుంటే భయం వేస్తుంది.

ఫలక్‌నుమా నీడలో

ఈ ఆకాశ విద్యకు మన పాతబస్తీతో ఉన్న సంబంధం మనవారిలో చాలామందికి తెలియదు. 19వ శతాబ్దం తొలి సగంలో పాయెగా వంశపు నవాబు ఫఖ్రుద్దీన్ ఖాన్ షమ్సుల్ ఉమరా సొంత ఖర్చుతో ఛాపాఖానా పెట్టి, యూరపు శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెప్పించారు. ‘సిత్తా-ఎ-షమ్సియా’ అనే ఆరు రిసాలాల సంపుటిలో ఒకటి హయ్అత్ మీదనే. అప్పటికి ఢిల్లీలోనే ఉర్దూలో సైన్సు పుస్తకాలు అరుదు. అదే వంశపు వికారుల్ ఉమరా 1884లో పునాది వేసిన మహల్ పేరు ఫలక్‌నుమా. ఫలక్ అంటే ఆకాశం, నుమా అంటే చూపేది. రోజూ ఆ పేరుతో లోకల్ రైలు ఎక్కి దిగేవారు ఎంతమంది ఆ అర్థం తలుచుకుంటారో!

1901లో నవాబు జఫర్ జంగ్ ఇంగ్లండు నుంచి పదిహేను అంగుళాల పెద్ద దూరదర్శిని తెప్పించి, ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో రసద్‌గాహ్ ఏర్పాటు చేశారు. నిజాం పేరున దాన్ని నిజామియా అబ్జర్వేటరీ అన్నారు. 1908లో అది ప్రభుత్వం చేతికి వచ్చి, తర్వాత బేగంపేటకు మారింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వెళ్లింది. 1887లో పారిస్‌లో నిర్ణయించిన ఒక మహా పథకం ప్రకారం, ఆకాశాన్నంతా ముక్కలుగా పంచుకొని ఫోటోలు తీసి, నక్షత్రాల స్థానాలు కొలవాలి. చిలీ దేశపు శాంటియాగోవారు చేయలేక వదిలిన భాగాన్ని హైదరాబాదు తలకెత్తుకుంది. చాట్‌వుడ్, పోకాక్ అనే ఇంగ్లీషువారి తర్వాత టి.పి. భాస్కరన్, 1944 నుంచి అక్బర్ అలీ దానికి అధిపతులుగా ఉన్నారు. ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల కొలతలు సంపుటాలుగా అచ్చయ్యాయి. యంత్రాల లెక్కలు లేని రోజుల్లో గాజు పలకల మీది చుక్కలను ఒక్కొక్కటిగా కళ్లతో చూసి కొలిచిన పని అది. 1968లో జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల దూరదర్శిని వచ్చింది. బేగంపేట ఆవరణలో ఇప్పుడు వేరే సంస్థ నడుస్తోంది. దాని చిరునామాలో మాత్రం నిజామియా అబ్జర్వేటరీ అన్న పేరు నిలిచి ఉంది.

ఉస్మానియా మొదలయినప్పుడు అక్కడి చదువంతా ఉర్దూలోనే. 1917లో పెట్టిన దారుత్తర్జుమా పండితులు ఇంగ్లీషు శాస్త్రాల మాటలకు ఉర్దూ మాటలు కూర్చేవారు. చాలా మాటలకు వారు తల బద్దలు కొట్టుకోవలసి వచ్చింది. జెనిత్‌కు మాత్రం ఆ శ్రమ అక్కర లేదు. సమ్తుర్రాస్ ఏనాటి నుంచో సిద్ధంగా ఉంది.

ఖిబ్లా ఏ వైపు?

ఇక మా మసీదు సంగతి. ముస్లింలకు ఆకాశ విద్య ఎందుకు అవసరమయిందో ఈ తగాదాయే చెబుతుంది. హిజ్రత్ తర్వాత రెండో సంవత్సరంలో ఖిబ్లా బైతుల్ మఖ్దిస్ నుంచి కాబాకు మారింది. బఖరా సూరాలో ఆ ఆజ్ఞ ఉంది. ఇస్లాం దూర దేశాలకు వ్యాపించిన కొద్దీ, కంటికి కనపడని కాబా ఏ వైపున ఉందన్న ప్రశ్న వచ్చింది. ఒక ఊరి నుంచి కాబా ఉన్న దిక్కును ‘సమ్తుల్ ఖిబ్లా’ అన్నారు. మళ్లీ అదే సమ్త్!

మన దేశంలో మక్కా పడమర అన్నది అందరి నోటా ఉన్న మాట. పాత మసీదులు చాలావరకు నేరుగా పడమరకే కట్టారు. లెక్క ప్రకారం హైదరాబాదుకు ఖిబ్లా పడమర నుంచి ఉత్తరానికి సుమారు 13 డిగ్రీలు జరిగి ఉంటుంది. పది అడుగుల సఫ్ గీతకు రెండు అడుగుల పైచిలుకు వాలు. మామూలు పటం మీద స్కేలు పెట్టి గీస్తే ఆరేడు డిగ్రీలే వస్తుంది. భూమి గుండ్రంగా ఉంది కనుక, మనకూ మక్కాకూ మధ్య ఉన్న సుమారు నాలుగు వేల కిలోమీటర్ల దగ్గరి దారి పటం మీది గీత కాదు. ఈ చిక్కు విప్పడానికే మన పూర్వ పండితులు గోళం మీది త్రికోణాల లెక్క నేర్చారు. అల్ బైరూనీ గజ్నీ నగరానికి ఖిబ్లా కట్టడానికి ఒక గ్రంథమే రాశాడు. డమాస్కస్ ఉమయ్యద్ మసీదులో 14వ శతాబ్దంలో వేళలు చూసే ఉద్యోగి ఇబ్నుష్షాతిర్ తన కాలపు గొప్ప ఖగోళవేత్త. మసీదు జీతంతో బతికిన శాస్త్రవేత్త అన్నమాట.

మేము ముందు ఆ పెద్దాయన ఇంటికి వెళ్లాము. హనఫీ ఫిఖహ్‌లో ఉన్న మాట చెప్పాము. కాబా కళ్లెదుట ఉన్నవారు సరిగ్గా కాబాకే తిరగాలి. దూరాన ఉన్నవారికి ఆ జిహత్, అనగా ఆ వైపు ఉంటే చాలు. 45 డిగ్రీల లోపు తేడా వల్ల నమాజు చెడదని ఉలమాలు చెప్పారు. మదీనావారికి తూర్పు పడమరల నడుమ ఉన్నదంతా ఖిబ్లాయేనని తిర్మిజీలో హదీసు ఉంది. కనుక ఆయన అబ్బా నమాజులకు ఏ లోటూ లేదు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత చాయ్ తెప్పించారు.

యువకులకు వేరే మాట చెప్పాము. ఫోను ముల్లు ఇనుము దగ్గర తప్పుతుంది, మసీదు స్తంభాల్లో ఇనుము ఉంది. వివాదం తీరాలంటే ఫోనును ఫోనుతో పోల్చి లాభం లేదు. ప్రతి సంవత్సరం మే 28న మక్కా గడియారం 12 గంటల 18 నిమిషాలు చూపేటప్పుడు సూర్యుడు సరిగ్గా కాబా సమ్తుర్రాస్‌లో ఉంటాడు. కాబాకు ఆ క్షణాన నీడ ఉండదు. మన గడియారంలో అది మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలు. అప్పుడు మనం సూర్యుడి వైపు తిరిగితే కాబా వైపు తిరిగినట్టే. 13వ శతాబ్దంలో నసీరుద్దీన్ తూసీ తన ‘తజ్కిరా’లో రాసిన ఉపాయం ఇది. యంత్రం అక్కర లేదు, లెక్క అక్కర లేదు. తిన్నగా వేలాడే దారం ఒకటి చాలు.

మే 28 అంటే రోహిణి కార్తె. ఎండ సంగతి చెప్పనక్కర లేదు. రోహిణి నక్షత్రాన్నే అరబ్బులు ‘అద్దబరాన్’ అన్నారు, వెంట నడిచేది అని అర్థం. కృత్తికల వెంట నడుస్తుంది కనుక ఆ పేరు. ఇంగ్లీషువారికి అది ఆల్డెబరాన్. జుహర్ అయిన తర్వాత పదిహేను ఇరవై మంది మసీదు సహన్‌లో గోడల నీడకు చేరారు. మేస్త్రీ తన దారపు గుండు ఇచ్చాడు. గోడ తిన్నగా ఉందో లేదో చూడడానికి మేస్త్రీలు వాడే గుండే. దాన్ని మూడు కర్రల నడుమ వేలాడదీశారు. గుండు గాలికి ఊగకుండా కింద నీళ్ల బకెట్‌లో మునిగేలా పెట్టాలన్నది ఆ పెద్దాయన సలహా. వయసులో ఆయన కూడా ఇళ్లు కట్టించినవారే. ఆ మూడు జుమాల తర్వాత ఆయన మా మసీదుకు రావడం ఆ రోజే.

జెనిత్ మాట అడిగిన పిల్లవాడు గడియారం చూస్తూ నిమిషాలు అరిచాడు. 2 గంటల 48 నిమిషాలకు దారపు నీడ పడిన చోట సుద్దతో రెండు చుక్కలు పెట్టి, వాటి మీదుగా గీత లాగారు. నీడ మనకు ఆగ్నేయం వైపు కొద్దిగా వాలి తూర్పుగా పడింది. దానికి ఎదురుగా వెళ్లేదే ఖిబ్లా. మిహ్రాబ్ ఆ గీతకు ఎడమగా, అంటే పడమర వైపుకు ఉంది. మొదటి యువకుడి ఫోను గీతకు దగ్గరగా ఉంది. రెండవ ఫోను చాలా దూరంలో ఉంది. దాన్ని స్తంభం దగ్గర నుంచి సహన్ మధ్యకు తెచ్చి చూస్తే అదీ దారికి వచ్చింది.

మిహ్రాబ్ గోడ కదపలేదు. అవసరం కూడా లేదు. కొత్త బండల మీద సఫ్‌ల గీతలు మాత్రం నీడ చూపిన ప్రకారం వేశారు. మూలల్లో బండలు ఏటవాలుగా కోయవలసి వచ్చి మేస్త్రీ కొంచెం విసుక్కున్నాడు.

ఇతర ఊళ్లలోని సోదరులు కూడా ఈ పని చేసుకోవచ్చు. కోస్తా, రాయలసీమ, తెలంగాణ ఎక్కడైనా వేళ అదే. డిగ్రీలు మాత్రం ఊరిని బట్టి కొద్దిగా మారుతాయి, నీడే వాటిని చూపుతుంది. ఒక రోజు ముందూ వెనుకా అయినా తేడా స్వల్పమే. లీపు సంవత్సరంలో ఒక రోజు ముందు చూసుకోవాలి. గడియారాన్ని ముందుగా సరిచేసుకోవడం మరవరాదు. సూర్యుడు కాబా నడినెత్తికి మళ్లీ జూలై 16న, మన వేళ ప్రకారం 2 గంటల 57 నిమిషాలకు వస్తాడు. కానీ అప్పటికి మన ఆకాశంలో వానాకాలపు మబ్బులు ఉంటాయి కనుక, ఎండకు ఓర్చుకొని మే నెలలోనే చూసుకోవడం మేలు.